డాక్టరుగారి కారు

ప్రశ్న: మాది హిందూపురం. నాలుగేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, బస్సు మెట్లు ఎక్కలేకపోతున్నారు. నెలకు రెండుసార్లు ఇక్కడి ఆసుపత్రికి తీసుకురావాలి. కొత్త కారు కొనే స్థోమత ఇప్పుడు లేదు. హొరమావులో ఒక బ్రోకర్ 2013 స్విఫ్ట్ పెట్రోల్ చూపించాడు. మీటరు మీద 62,000 కిలోమీటర్లు. "డాక్టరుగారి కారు మేడమ్, సింగిల్ ఓనర్, షోరూం కండిషన్" అన్నాడు. ధర 3 లక్షల 10 వేలు. ఆర్‌సీ ఫొటో తెప్పించుకుంటే అందులో ఓనర్ సీరియల్ 2 అని ఉంది. అడిగితే "అది వాళ్లింట్లోనే పేరు మారింది" అంటున్నాడు. శనివారం లోపు 25 వేలు అడ్వాన్స్ ఇవ్వకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తాడట. నాకు డ్రైవింగ్ వచ్చు గానీ బానెట్ ఎత్తితే ఏమీ తెలియదు. ఈ కారు గతం ఏమిటో, ఇప్పుడెలా ఉందో నా అంతట నేను తెలుసుకోగలనా? టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు:

అమ్మా,

ముందు శనివారం సంగతి తేల్చేద్దాం. ఆ రోజు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. 2013 స్విఫ్ట్ బెంగళూరులో దొరకని సరుకేమీ కాదు. ఇది పోతే వచ్చే వారం ఇంకొకటి మీ ఆఫీసు పార్కింగులోనే అమ్మకానికి కనిపిస్తుంది. అతని తొందర అతనిది. దాన్ని మీరు నెత్తికెత్తుకోనక్కర్లేదు.

ఇక డాక్టరుగారు. ఈ ఊళ్లో డాక్టర్ల కంటే డాక్టరుగారి కార్లే ఎక్కువ. నేను కొన్న మొదటి కారు మాత్రం రిటైరైన బ్యాంకు మేనేజరుగారిది. అంటే, అలా చెప్పారు. మీటరు మీద 41,000. గుడికీ కూరగాయలకీ తప్ప బయటికి తియ్యలేదన్నారు. సీట్లకు ఇంకా ప్లాస్టిక్ కవర్లున్నాయి. కొన్న రెండు నెలలకు ఒక ఆదివారం డ్యాష్‌బోర్డు అర శుభ్రం చేస్తుంటే కారుతో వచ్చిన మాన్యువల్ దొరికింది. దాని వెనక ఖాళీ పేజీలో ఎవరో బుద్ధిమంతుడు ఆయిల్ మార్చినప్పుడల్లా తేదీ, కిలోమీటర్లు కన్నడ అంకెల్లో రాసిపెట్టాడు. కన్నడ అంకెలు మన తెలుగు అంకెలకు అన్నదమ్ముల్లాంటివి, తంటాలు పడి కూడబలుక్కున్నాను. చివరి వరుసలో ఉన్నది ఎనభై తొమ్మిది వేల నాలుగు వందలు. మీటరు తిప్పినవాడికి ఆ అంకెలు చదవడం రాలేదో, పుస్తకం తెరిచే ఓపిక లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

అప్పటినుంచి పాత కారు దగ్గరికి వెళ్తే నేను మీటరు చివర్న చూస్తాను. ముందు తారీఖులు చూస్తాను. కారులో చాలా వస్తువుల మీద తారీఖు ఉంటుంది. అద్దాల మీద, టైర్ల మీద, సీటు బెల్టు మీద, బ్యాటరీ మీద, ఇన్సూరెన్స్ కాగితం మీద, చివరికి ట్రాఫిక్ చలానా మీద కూడా. ఇవన్నీ వరుసగా పెట్టి చదివితే కారు జాతకం బయటపడుతుంది. మీటరు తిప్పడం అరగంట పని. ఇన్ని తారీఖులు తిప్పే ఓపిక ఏ బ్రోకర్‌కీ ఉండదు. పైగా దీనికి బానెట్ కింద ఏముందో తెలియాల్సిన పనిలేదు, చదవడం వస్తే చాలు.

ఇంట్లో కూర్చునే మొదలుపెట్టండి. ఎం-పరివాహన్ యాప్‌లో కారు నంబరు కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ ఎప్పటిదాకా ఉన్నాయి, బ్యాంకు అప్పు ఎంట్రీ ఉందా, బ్లాక్‌లిస్టులో ఉందా అన్నవి కనిపిస్తాయి. ఓనర్ పేరు పూర్తిగా చూపించరు, మధ్యలో అక్షరాలు చుక్కలుగా ఉంటాయి. అయినా బ్రోకర్ చెప్పే పేరుతో కలుస్తుందో లేదో పట్టుకోవచ్చు. ఒకవేళ బ్యాంకు పేరు కనిపించి, "అప్పు తీరిపోయింది, ఎన్ఓసీ (బ్యాంకు ఇచ్చే అభ్యంతరం లేదన్న కాగితం) ఉంది" అంటే దానితో తృప్తి పడకండి. ఆ ఎన్ఓసీనీ ఫారం 35నీ ఆర్టీఓలో ఇచ్చి ఎంట్రీ కొట్టేయించాలి. ఆ పని అమ్మేవాళ్లది. యాప్‌లో బ్యాంకు పేరు పోయాకే మిగతా మాటలు.

ఆ ఓనర్ సీరియల్ 2 గురించి. బ్రోకర్ చెప్పింది నిజం కూడా కావచ్చు. తండ్రి పోయి కారు కొడుకు పేరుకు మారినా సీరియల్ పెరుగుతుంది. అయితే నిజమైతే రుజువు కష్టం కాదు. పాత ఆర్‌సీ జిరాక్సో, పాత ఇన్సూరెన్స్ పాలసీయో తీస్తే మొదటి ఓనర్ పేరు, చిరునామా ఉంటాయి. రెండు చిరునామాలూ ఒక ఇంటివే అయితే అతన్ని నమ్మండి. "అవన్నీ ఎక్కడున్నాయో మేడమ్" అంటే ఆ డాక్టరుగారితో ఒకసారి ఫోన్లో మాట్లాడించమనండి. ఆ కారును పన్నెండేళ్లు నడిపిన మనిషికి బ్యాటరీ ఎప్పుడు మార్చాడో, క్లచ్ ఎప్పుడు చేయించాడో గుర్తుంటుంది. ఏమీ గుర్తులేని ఓనర్ ఓనర్ కాకపోవచ్చు.

కాగితాలన్నిటిలో నాకు ఇష్టమైనది చలానా. ఈ-చలాన్ పరివాహన్ సైట్‌లో, బెంగళూరు ట్రాఫిక్ పోలీసుల దగ్గర నంబరు కొట్టి అందరూ బాకీ ఎంతో చూస్తారు. నేను రోజు, టైము, చోటు చూస్తాను. ఆదివారాలు మాత్రమే బయటికి తీశామన్న కారు మంగళవారం పొద్దున తొమ్మిదింటికి సిల్క్‌బోర్డు దగ్గర, గురువారం రాత్రి పన్నెండింటికి ఎయిర్‌పోర్టు రోడ్డు మీద, శుక్రవారం తెల్లవారుజామున మళ్లీ అదే రోడ్డు మీద ఫొటో పడిందంటే ఆ డాక్టరుగారు ఏ వైద్యం చేస్తున్నారో ఊహించుకోండి. సొంత వాడకానికిచ్చే తెల్లబోర్డు పెట్టుకుని కిరాయికి తిరిగే కార్లు ఎప్పుడూ ఉన్నాయి. మొహమాటం లేకపోతే ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ కూడా అడగొచ్చు. ఇవ్వకపోతే తప్పు పట్టలేం, అది వాళ్ల సొంత విషయం. ఇస్తే మాత్రం ఏ టోల్‌గేటు ఎన్నిసార్లు దాటిందో తేదీలతో సహా ఉంటుంది.

తర్వాత సర్వీసు చరిత్ర. కంపెనీ సర్వీస్ సెంటర్లలో రిజిస్ట్రేషన్ నంబరు చెబితే ఏ తేదీన వచ్చింది, అప్పుడు మీటరు ఎంత, ఏం మార్చారు అన్నది కంప్యూటర్‌లో ఉంటుంది. కొన్నిచోట్ల ఓనర్‌కు తప్ప చెప్పరు, కాబట్టి ఓనర్‌నే తెమ్మనండి. అది వచ్చాక తేదీల పక్కన కిలోమీటర్లు రాసుకుంటూ పోండి. 2018 దాకా ఏడాదికి పన్నెండు వేల చొప్పున 60,000 తిరిగిన కారు ఆ తర్వాత ఇన్నేళ్లలో రెండు వేలే తిరిగిందంటే, కారు పక్షవాతంతో మంచాన పడి ఉండాలి, లేదా మీటరు వెనక్కి వెళ్లి ఉండాలి. రికార్డు మధ్యలో ఆగిపోయినంత మాత్రాన అనుమానించకండి. వారంటీ అయిపోగానే చాలామంది బయటి గ్యారేజీకి మారతారు. నేనూ మారాను. అప్పుడు ఆ గ్యారేజీ బిల్లులు కావాలి, కనీసం ఆ మెకానిక్ ఫోన్ నంబరు కావాలి.

ఇన్సూరెన్స్ పాలసీలో చాలామంది చూడని ఒక గడి ఉంది, నో క్లెయిమ్ బోనస్. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లను బట్టి అది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. క్లెయిమ్ చేస్తే సున్నాకు వస్తుంది. 50 ఉంటే వరసగా అయిదేళ్లు ఇన్సూరెన్స్ వాళ్లను డబ్బు అడగలేదని. నిరుడు 45 ఉండి ఈ ఏడు సున్నా అయితే ఏదో జరిగింది, ఏమిటని అడగండి. ఆ బోనస్ మనిషిది, కారుది కాదు. కాబట్టి ఓనర్ ఈమధ్యే మారి ఉంటే సున్నా కనిపించడంలో వింత లేదు. ఒట్టి థర్డ్ పార్టీ పాలసీ (ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికే పనికొచ్చేది) ఉంటే మాత్రం అక్కడ చదవడానికేమీ ఉండదు.

ఇంతవరకూ తేడా రాకపోతేనే కారు చూడ్డానికి వెళ్లండి. పొద్దున్నే వెళ్లండి, ఎండ వచ్చాక. రాత్రి సోడియం లైటు కింద ఏ కారైనా కొత్త పెళ్లికూతురే. ముందే స్టార్ట్ చేసి పెట్టొద్దని ఫోన్లో చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఏదో దాచడానికి ముందే వేడి చేసి ఉండొచ్చు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మళ్లీ రండి, లేదా అసలు రాకండి.

ఆర్‌సీ మీది చాసిస్ నంబరు కారు మీద కొట్టిన దానితో అక్షరం అక్షరం పోల్చండి. మారుతి కార్లకు అది ఎంఏ3తో మొదలవుతుంది, మొత్తం 17 అక్షరాలు. చుట్టూ కొత్త పెయింటో, గీకిన గుర్తులో ఉంటే అక్కడితో ఆపేయండి.

ఇప్పుడు అద్దాలు. ప్రతి అద్దం మూలలో కంపెనీ ముద్రతో పాటు తయారైన సంవత్సరం ఒక అంకెగానో రెండంకెలుగానో ఉంటుంది. 2013 మొదట్లో రిజిస్టరైన కారుకు 2012 అద్దాలుండొచ్చు, తప్పులేదు. అన్నీ ఒక్కలా ఉంటే సంతోషం. ముందు అద్దం ఒక్కటే వేరైతే హైవే మీద రాయి తగిలి ఉంటుంది, వదిలెయ్యండి. ఎడమవైపు వెనక తలుపు అద్దం ఒక్కటే 2019ది అయితే ఆ తలుపుకు ఏదో గుద్దుకుంది. అప్పుడు ఆ వైపు బాగా చూడాలి. తలుపు రబ్బరు బీడింగ్ చేత్తో లాగి చూస్తే కింద కంపెనీ వేసిన వెల్డింగ్ చుక్కలు గుండ్రంగా, వరసగా ఉంటాయి. టింకరింగ్ (సొట్టపడ్డ రేకు సాపు చేసే పని) చేసినచోట అవి ఉండవు, ఉన్నా వంకర టింకరగా ఉంటాయి. బానెట్, తలుపులు బిగించిన బోల్టుల మీద పెయింట్ చెదిరిందంటే స్పానర్ పడింది. డిక్కీలో స్టెప్నీ తీసి కింద రేకు చూడండి, ముడతలు ఉంటే వెనక నుంచి గట్టిగా తగిలిన దెబ్బ. బంపర్ గీతలు, ఫెండర్ సొట్టలు నేను పట్టించుకోను. బెంగళూరులో పన్నెండేళ్లు తిరిగి ఒక్క గీత కూడా లేని కారంటేనే నాకు భయం.

టైరు పక్కన నాలుగంకెలు చిన్న గడిలో ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. మీదకి అరగకపోయినా ఆరేళ్లు దాటిన రబ్బరు మీద హైవే ఎక్కొద్దు. టైర్లు మార్చాల్సి ఉంటే ఆ ఖర్చు ధరలోంచి తీసేయమనాలి. స్టీరింగ్ నున్నగా మెరుస్తూ, పెడల్ రబ్బర్లు అరిగి లోపలి ఇనుము కనిపిస్తూ, మీటరు మాత్రం 62,000 అంటే నమ్మకండి. పెడల్ రబ్బర్లు ఈమధ్యే కొత్తవి వేస్తే అది కూడా ఒక జవాబే.

సీటు బెల్టులు కొస దాకా బయటికి లాగండి. ఇది మాత్రం మర్చిపోవద్దు. బెల్టు అడుగున కుట్టిన గుడ్డముక్క మీద తయారీ తేదీ ఉంటుంది, అది కారు వయసుతో కలవాలి. ఇంకో కారణం నీళ్లు. 2022 సెప్టెంబరులో బెళ్లందూరు, యెమలూరు మునిగినప్పుడు బేస్‌మెంట్లలో కార్లు ఎలా తేలాయో మీ ఆఫీసువాళ్లను అడిగితే చెబుతారు. చెన్నై 2015 డిసెంబరులో మునిగింది, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకు మళ్లీ మునిగింది. అలా మునిగిన కార్లన్నీ తుక్కుకు పోలేదు. కొన్ని కడిగి, ఆరబెట్టి, సెంటు కొట్టి పక్క ఊళ్లలో అమ్మారు. సీట్లు ఉతుకుతారు గానీ చుట్టలో ఉన్న బెల్టు చివర దాకా ఎవరూ ఉతకరు, అక్కడ బురద చార మిగిలిపోతుంది. సీటు కింది పట్టాల బోల్టులు తుప్పు పట్టాయా, కార్పెట్ కింద ఒండ్రు ఉందా, స్టెప్నీ గుంటలో చార ఉందా చూడండి. కారులో అగరొత్తుల కొట్టు వాసన వస్తుంటే నేను అద్దాలన్నీ ఎక్కించి అయిదు నిమిషాలు లోపల కూర్చుంటాను. సెంటు కింద ఉన్న ముక్కవాసన అప్పుడు తెలుస్తుంది. నీళ్లలో మునిగిన కారు ఎంత చవకైనా వద్దు. ఇంజిన్ బాగుచేయొచ్చు, వైరింగ్ మాత్రం మిమ్మల్ని గౌరీబిదనూరు దాటాక అర్ధరాత్రి దింపుతుంది.

తాళం తిప్పి స్టార్ట్ చేయకుండా ఆగండి. మీటరులో చెక్ ఇంజిన్ లైటు వెలగాలి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ ఉన్న మోడలైతే వాటి లైట్లు కూడా వెలిగి కాసేపటికి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే బాగున్నట్టు కాదు, ఎవరో ఆ బల్బు పీకేశారని. ఇప్పుడు స్టార్ట్ చేయమని మీరు వెనక సైలెన్సర్ దగ్గర నిలబడండి. చలికాలం పొద్దున కాస్త ఆవిరి మామూలే. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. తెల్ల పొగ ఆగకుండా, తియ్యటి వాసనతో వస్తే కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, ఇంజిన్ లోపలికి పోతోంది. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత మెల్లగా తీసి చూడండి. గుప్పుగుప్పుమని పొగ ఎగదన్నితే మన మెకానిక్‌లు "బ్యాక్ కంప్రెషన్ వస్తోంది, బోర్‌కొచ్చింది" అంటారు, ఇంజిన్ లోపల అరిగిపోయిందని. ఆ మాట వింటే ఇంటికి వచ్చేయండి. మూత లోపల మజ్జిగలా తెల్లటి జిగురున్నా అంతే. అన్నట్టు, ఈ స్విఫ్ట్ పెట్రోల్ ఇంజిన్‌లో ఉండేది టైమింగ్ చైన్. "టైమింగ్ బెల్టు కొత్తది వేయించాం మేడమ్" అని బ్రోకర్ అంటే అతనికి కార్ల గురించి మీకన్నా ఎక్కువేమీ తెలియదని లెక్క.

హొరమావు నుంచి ఔటర్ రింగ్ రోడ్డు దగ్గరే. హెణ్ణూరు ఫ్లైఓవర్ ఎక్కించండి. నాలుగో గేరులో నలభై వేగం దగ్గర యాక్సిలరేటర్ గట్టిగా నొక్కితే ఇంజిన్ అరుస్తుంది గానీ కారు వేగం పెరగదంటే క్లచ్ ప్లేటు అయిపోయింది. ఈ ఊరి ట్రాఫిక్‌లో అన్నిటికంటే ముందు పోయేది అదే. తర్వాత ఏసీ పెట్టి కావాలనే రద్దీలోకి వెళ్లండి, టిన్ ఫ్యాక్టరీ వైపు. ఇరవై నిమిషాలు నత్తలా పాకినా టెంపరేచర్ పెరగకపోతే రేడియేటర్, ఫ్యాన్ బాగున్నాయి. హంపుల మీద టకటకలు వింటే కింద బుష్‌లు, లింకులు అయిపోయాయి. అది పెద్ద ఖర్చు కాదు, బేరానికి పనికొస్తుంది. ఆ అరగంటా స్టీరియో ఆపించండి. పాటలు పెట్టే బ్రోకర్లను చాలామందిని చూశాను.

మీ ఆఫీసులో ఎవరిదగ్గరైనా చిన్న బ్లూటూత్ ఓబీడీ స్కానర్ ఉంటుంది, అడిగి తీసుకెళ్లండి. స్టీరింగ్ కింద గుచ్చితే ఫోన్‌లో ఇంజిన్ ఫాల్ట్ కోడ్‌లు కనిపిస్తాయి. ఏమీ లేవని సంబరపడొద్దు. రెడీనెస్ మానిటర్లు అనే పేజీ ఒకటి ఉంటుంది, కారు తనను తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయా లేదా అన్నది అందులో ఉంటుంది. వాటిలో చాలావరకు ఇన్‌కంప్లీట్ అని ఉంటే కోడ్‌లు నిన్నో మొన్నో చెరిపేశారు, లేదా బ్యాటరీ తీసి పెట్టారు. ఇదీ ఒక తారీఖే.

ఇవన్నీ దాటితే అప్పుడు మెకానిక్. బ్రోకర్ చూపించినవాడు కాకుండా మీరు తెచ్చుకున్నవాడు. లేదంటే కంపెనీ సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లి లిఫ్ట్ మీద ఎక్కించి చూడమనండి. డబ్బు తీసుకుంటారు. 25 వేల అడ్వాన్స్ పోగొట్టుకోవడంతో పోలిస్తే అది చిల్లర. దీనికి ఒప్పుకోని అమ్మకందారుతో ఇంకేమీ మాట్లాడక్కర్లేదు.

ధర దగ్గర ఒక విషయం మర్చిపోకండి. ఈ కారు ఆర్‌సీ 15 ఏళ్లకే, అంటే 2028 దాకా. ఆ తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గితే అయిదేళ్లు పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ నుంచి ఆ రెన్యువల్ ఫీజు 5,000. పైన గ్రీన్ ట్యాక్స్ ఉంటుంది. ఢిల్లీలో పెట్టినట్టు పదిహేనేళ్లు నిండగానే పెట్రోల్ కారు పక్కన పెట్టాలన్న నిబంధన ఇక్కడ లేదు, అది చూపించి ఎవరైనా భయపెడితే వినకండి. కానీ 2028 ఎంతో దూరంలో లేదని బేరంలో గట్టిగా అనండి. ఊళ్లో మీ మామయ్యో బాబాయో "మన ఏపీ నంబరు కారు చవగ్గా ఇప్పిస్తా" అనొచ్చు. పన్నెండు నెలలకు మించి ఇక్కడే ఉంచితే కర్ణాటక రిజిస్ట్రేషన్ చేయించాలి, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ లెక్క వేస్తే చవక మిగలదు.

డబ్బు ఆర్‌సీలో పేరున్న మనిషి బ్యాంకు ఖాతాకే పంపండి, బ్రోకర్ ఖాతాకు వద్దు. ఓనర్ పేరు మార్చే ఫారం 29, 30 మీద ఆ మనిషి మీ ఎదుటే సంతకం చేయాలి. ఎప్పుడో ఖాళీ ఫారాల మీద చేయించి ఉంచిన సంతకాలు ఒప్పుకోకండి. కారు చేతికి వచ్చిన తేదీ, టైము రాసి ఇద్దరూ సంతకాలు పెట్టిన కాగితం ఒకటి దగ్గర పెట్టుకోండి. అంతకుముందు చలానాలు వాళ్లవి, తర్వాతివి మీవి. అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్న మీరు 30 రోజుల్లో ఆర్టీఓకు తెలపాలి. ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ కవర్ దానంతటదే మీకు వస్తుంది. సొంత కారు దెబ్బతింటే వచ్చే కవర్ మాత్రం 14 రోజుల్లో పేరు మార్పించుకోవాలి. 2019 ఏప్రిల్‌కు ముందు కారు కాబట్టి హెచ్‌ఎస్‌ఆర్‌పీ, అంటే హై సెక్యూరిటీ నంబరు ప్లేట్లున్నాయో లేదో ఇప్పుడే చూడండి. లేకపోతే ట్రాన్స్‌ఫర్ దగ్గర అడ్డం పడుతుంది, అది అమ్మేవాళ్లతోనే వేయించండి.

ఇవన్నీ చేయకముందే చేయాల్సిన పని ఒకటుంది, నేనే చివర్న చెబుతున్నాను. స్విఫ్ట్ సీటు కిందికి ఉంటుంది. కూర్చోవాలంటే మోకాళ్లు బాగా వంచి దిగాలి, లేవాలంటే చేతులతో లేవాలి. వెనక తలుపు కూడా ఇరుకు. నాన్నగారిని ఎవరిదైనా స్విఫ్ట్‌లో ఒకసారి, వ్యాగన్ఆర్‌లో ఒకసారి ఎక్కించి దింపి చూడండి. వ్యాగన్ఆర్ సీటు ఎత్తు, కుర్చీలో కూర్చున్నట్టే ఉంటుంది. ఆయన ఏది సుఖంగా ఉందంటారో అది తెలుసుకున్నాక మళ్లీ రాయండి.